ఎంతిస్తుంది?

మన భాషలో కారు మైలేజీ “ఇస్తుంది”. ఆవు పాలిచ్చినట్టు, కొబ్బరిచెట్టు కాయలిచ్చినట్టు. పెళ్ళిలో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన మన కారు పేరు వినగానే అడిగే మొదటి ప్రశ్న “ఎంతిస్తోంది?” అనే. “హైవే మీద ఇరవై రెండు ఇస్తుంది బాబాయ్, సిటీలో ఓ పదిహేను” అంటాం. అదే కారు మీద చిరాకొచ్చిన రోజు క్రియ మారిపోతుంది. “పెట్రోలు తాగేస్తోంది” అంటాం. ముద్దొస్తే పాడిగేదె, కోపమొస్తే తాగుబోతు. మధ్యలో ఇంకో మాట మనకి లేదు.

యూరప్‌లో ఈ లెక్క తిరగేసి రాస్తారు. వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని. అంటే అక్కడ అధికారికంగానే తాగుడు లెక్క, ఇక్కడ పాడి లెక్క. ఇది వట్టి మాటల తేడా కాదు. 2008లో రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు పరిశోధకులు “సైన్స్” పత్రికలో ఓ చిన్న వ్యాసం రాశారు. “ఇచ్చే” లెక్కలో చూసినప్పుడు మనుషులు ఆదాని తప్పుగా అంచనా వేస్తారని అందులో చూపించారు. మన కొలతల్లో చెప్పాలంటే ఇలా ఉంటుంది: లీటరుకి 10 ఇచ్చే బండి అమ్మేసి 12 ఇచ్చేది కొంటే, వంద కిలోమీటర్లకి ఒకటిన్నర లీటరు పైనే మిగులుతుంది. 20 ఇచ్చేది అమ్మేసి 25 ఇచ్చేది కొంటే మిగిలేది ఒక్క లీటరు. వినడానికి మాత్రం రెండోదే ఘనంగా ఉంటుంది.

సరే, భాష సంగతి అలా ఉంచుదాం. నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇంకోటి. షోరూములో 24 అని రాసి ఉంటుంది. కొన్నాక 16 వస్తుంది. 24 రాదని అమ్మినవాడికి ముందే తెలుసు. కొన్నవాడికీ తెలుసు. ఆ అంకె మీద ముద్ర వేసిన సంస్థకీ తెలుసు. ఇంతమందికి ముందే తెలిసిపోయిన అబద్ధాన్ని అబద్ధం అనొచ్చా? అనకూడదంటే మరేమనాలి?

ముందు ఆ 24 ఎక్కడ పుడుతుందో చూద్దాం. మన దేశంలో ఇలాంటి అంకెలకి పేరు మోసిన ముద్ర పుణెలోని ఏఆర్‌ఏఐది. 1966లో మొదలైన ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అది. మైలేజీ పరీక్ష అనగానే కారుని ఏ ముంబై హైవే మీదకో తీసుకెళ్ళి ట్యాంకు నింపి పరిగెత్తిస్తారని మనం ఊహించుకుంటాం. నిజానికి కారు అంగుళం కూడా ముందుకి కదలదు. ఓ గదిలో, చక్రాల కింద రోలర్లు పెట్టి, ఉన్నచోటే నడుపుతారు. ఎదురుగా తెర మీద ఓ గీత సాగుతూ ఉంటుంది. డ్రైవరు పని ఆ గీతని తప్పకుండా వేగం పెంచడం, తగ్గించడం. మొత్తం 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకి ఓ ఇరవై సెకన్లు తక్కువ. ప్రయాణించినట్టు లెక్కకొచ్చే దూరం పది కిలోమీటర్ల పైచిలుకు. ఎంత తొక్కినా వేగం 90 దాటదు. సున్నా నుంచి 50కి చేరడానికి 26 సెకన్లు తీసుకుంటారు. మన సిగ్నల్ దగ్గర పచ్చదీపం పడ్డాక 26 సెకన్లు తీసుకుని 50 అందుకునే మనిషి ఉంటే, వెనకాల హారన్లకి చెవులు పోతాయి. గదిలో ఉక్కపోత ఉండదు. ఏసీ ఆపేసి ఉంటుంది.

ఇంకో ముచ్చటైన సంగతి ఉంది. అక్కడ పెట్రోలు కొలవరు, పొగ కొలుస్తారు. సైలెన్సర్లోంచి వచ్చినదంతా పట్టి, అందులో ఎంత కర్బనం ఉందో లెక్కకట్టి, అంత కర్బనం రావాలంటే ఎంత ఇంధనం కాలి ఉండాలో వెనక్కి లెక్కేస్తారు. పద్ధతి చాలా కచ్చితమైనది. నాకు ఆ గది మీద ఫిర్యాదేం లేదు. ఈ నెల పరీక్షించిన కారుకీ, ఆరేళ్ళ క్రితం పరీక్షించిన కారుకీ పోలిక పెట్టాలంటే ఎండావానా, గుంతలూ, డ్రైవరు కోపతాపాలూ అన్నీ బయట పెట్టాల్సిందే. పబ్లిక్ పరీక్ష అందరికీ ఒకే ప్రశ్నపత్రంతో పెట్టినట్టు. కాకపోతే ఆ ప్రశ్నపత్రంలో జీవితంలో ఎదురయ్యే లెక్క ఒక్కటీ ఉండదు.

జీవితంలో ఎదురయ్యే లెక్కకి ఓ ఉదాహరణ చెప్తాను. వెయ్యి కిలోల చిన్న కారు 50 వేగంతో వెళ్తోంది. ముందు ఆటో ఆగింది, మీరు బ్రేకు తొక్కారు. ఆ కదలికలో ఉన్న శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారి గాల్లో కలిసిపోయింది. మళ్ళీ 50కి రావాలంటే ఆ శక్తిని పెట్రోల్లోంచి కొత్తగా తీయాలి. ఇంజను పెట్రోలులోని శక్తిలో పాతిక శాతాన్ని చక్రాల దాకా చేరుస్తుందనుకుంటే, ఒక్కసారి ఆగి బయల్దేరడానికి దాదాపు 12 మిల్లీలీటర్లు. దగ్గుమందు సీసా మూతకి నిండుగా. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళేలోపు అలా ముప్పైసార్లు ఆగారా, లీటరులో మూడోవంతు పైనే రోడ్డు మీద ఆరబోసి వచ్చినట్టు. నిలబడి ఉన్నప్పుడు ఇంజను తాగేది, ఏసీ తాగేది వేరే. పంపుల్లో ఈ20 వచ్చాక ఇంకాస్త. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కాబట్టి, 20 శాతం కలిపితే లీటరులోని శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. పాత కార్ల కాగితాల మీది అంకె మాత్రం అలాగే ఉండిపోయింది.

పశువుల సంతలో తిరిగినవాళ్ళకి ఇదంతా కొత్త కాదు. గేదెని సంతకి తోలుకొచ్చే ముందు ఓ పూట పాలు తీయకుండా వదిలేస్తారు. పొదుగు నిండుగా, బిగువుగా కనిపిస్తుంది. “పూటకి ఆరు లీటర్లు ఇస్తుంది” అంటాడు అమ్మేవాడు. అక్కడికక్కడ పితికి చూపిస్తాడు కూడా. ఆరు లీటర్లూ వస్తాయి! అందులో అబద్ధమేమీ లేదు. తెలిసినవాళ్ళు మాత్రం రెండు మూడు పూటలు దగ్గరుండి పితికించి చూసిగానీ బయానా ఇవ్వరు. కారు కొనేవాడికి ఆ అవకాశం లేదు. టెస్ట్ డ్రైవ్ అంటే షోరూము చుట్టూ మూడు కిలోమీటర్లు, పక్కన సేల్స్ కుర్రాడు సన్‌రూఫ్ గురించి చెప్తూ ఉంటాడు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. “అందరికీ తెలిసిందే కదండీ. సుల్తాన్ బజార్లో ఎనిమిది వందలంటే మూడు వందలకి అడుగుతాం. అది మోసమా? ఆట. కంపెనీ 24 అంటే 16 అనుకోవాలి, అంతే.” ఈ వాదనని తేలిగ్గా కొట్టెయ్యలేం. మాట అర్థం నిఘంటువులో ఉండదు, వాడుకలో ఉంటుంది. “రెండు నిమిషాల్లో వస్తున్నా” అని ఫోన్లో చెప్పిన స్నేహితుడు ఇరవై నిమిషాలకి వస్తే అబద్ధాలకోరు అనం. ఆ రెండు నిమిషాల అర్థం ఇద్దరికీ తెలుసు. మైలేజీ అంకె కూడా అలాంటి వాడుకే అయిపోయిందని వాళ్ళ వాదన.

కానీ బేరంలో ఒక షరతుంది. ఇద్దరికీ ఆట తెలిసి ఉండాలి. మూడో కారు కొంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఎంత తగ్గించి చూసుకోవాలో తెలుసు. ఇంట్లో ముందెప్పుడూ కారు లేని, బంగారం తాకట్టు పెట్టి క్యాబ్ కోసం మొదటి కారు కొంటున్న కుర్రాడికి తెలియాలని ఎక్కడా లేదు. పైగా తగ్గింపు కూడా అన్ని కార్లకీ ఒకేలా ఉండదు. చిన్న టర్బో ఇంజను గదిలో మెల్లగా తొక్కినంతసేపు బుద్ధిగా ఉంటుంది, రోడ్డు మీద కాలు కాస్త బరువైతే అసలు రంగు బయటపెడుతుంది. ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో హైబ్రిడ్‌కి వచ్చే లాభం మామూలు పెట్రోలు కారుకి రాదు. అంటే బోర్డు మీద రెండు కార్లకీ 22 అని ఉన్నా, ఒకటి 18 దగ్గరా, ఇంకోటి 14 దగ్గరా ఆగొచ్చు. ఏ కారు ఎంత బొంకుతుందో కూడా తెలిస్తేనే ఈ ఆట ఆడగలం. అంత తెలిసినవాడికి అసలు ఆ బోర్డుతో పనేముంది?

అబద్ధానికీ తప్పుదోవ పట్టించడానికీ ఉన్న తేడా గురించి తెలుగువాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ద్రోణుడు చచ్చేలా ధర్మరాజు పలికిన మాట మనకి సామెత అయి కూర్చుంది. చచ్చింది ఏనుగు. ఆ సంగతీ చెప్పాడు, మెల్లగా. ప్రకటనలో పెద్దక్షరాల్లో 24, కింద చీమ తలకాయంత అక్షరాల్లో “పరీక్షా పరిస్థితుల్లో” అని ఉంటుందే, అది ఆ మెల్లగా అన్న మాటే. అయితే ఈ కథలో మనం మామూలుగా పట్టించుకోని ముక్క ఒకటుంది. ముందు ఆ మాట అరిచింది భీముడు. ద్రోణుడు నమ్మలేదు. భీముడి మాట కదా, పోయి ధర్మరాజుని అడిగాడు. ఎప్పుడూ బొంకని నోరని. దెబ్బ కొట్టింది భీముడి కేక కాదు, ధర్మరాజు పరపతి. కంపెనీ తనంతట తాను 24 అంటే మనం నవ్వేస్తాం. “ఏఆర్‌ఏఐ సర్టిఫైడ్” అన్న రెండు మాటలు చేరగానే సర్దుకుని కూర్చుంటాం. ఆ సంస్థ తన నోటితో మనకి “మీ కారు మీ వీధిలో 24 ఇస్తుంది” అని ఎన్నడూ చెప్పలేదు. గదిలో కొలిచింది రాసిచ్చింది, అంతే. దాని పరపతిని మాత్రం ఇంకెవరో అద్దెకి తీసుకుని వాడుకుంటున్నారు.

ఈ విషయంలో కాంట్ కథ ఇంకా తమాషా. ప్రాణం తీయడానికి వచ్చినవాడితో కూడా అబద్ధం చెప్పకూడదని 1797లో వ్యాసం రాసిన మనిషి ఆయన. అంతకు మూడేళ్ళ ముందు ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ఆయన్ని మతం గురించి ఇక రాయొద్దని హెచ్చరించాడు. కాంట్ ఒప్పుకుంటూ జవాబు రాశాడు, తమ విధేయుడైన ప్రజగా ఇక రాయనని. 1797లో రాజు పోయాడు. మరుసటేడు కాంట్ మళ్ళీ మతం గురించి రాశాడు. ఆ “తమ” అన్న మాటని కావాలనే ఎంచుకున్నానని, ఆ రాజు బతికున్నంత కాలమే మాట కట్టుబాటని తనే పుస్తకం ముందుమాటలో బయటపెట్టాడు కూడా. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, కానీ కాంట్ మీద కోపం రాలేదు. ఎందుకు రాలేదా అని ఆలోచిస్తే, కాంట్ బలహీనుడు, రాజు బలవంతుడు. నోరు నొక్కేవాడి దగ్గర మాటల సందుల్లోంచి తప్పించుకోవడం ఒకటి. పరీక్ష వివరాలన్నీ చేతిలో ఉన్నవాడు, ఏమీ లేనివాడి ముందు అదే సందు తెరిచి నిలబడటం ఇంకొకటి. రెండూ “అక్షరాలా నిజమే” అయినా ఒక తూకంలో వెయ్యలేను.

కోర్టులకీ ఇది ఒక పట్టాన తెగలేదు. 2012 ఫిబ్రవరిలో లాస్ ఏంజలస్ దగ్గర ఒక హోండా సివిక్ హైబ్రిడ్ యజమాని, చెప్పినంత మైలేజీ రాలేదని చిన్న దావాల కోర్టుకెళ్ళి 9,867 డాలర్లు గెలుచుకుంది. మే నెలకల్లా పై జడ్జి ఆ తీర్పు కొట్టేశాడు. ప్రభుత్వం పెట్టమన్న పద్ధతిలో, ప్రభుత్వం ఒప్పుకున్న అంకెనే ప్రకటించినప్పుడు అది మోసం కాదన్నాడు. పదేళ్ళ తర్వాత, 2022లో కేరళలో త్రిస్సూర్ వినియోగదారుల కమిషన్ దీనికి పూర్తిగా ఎదురు చెప్పింది. లీటరుకి 32 అని ప్రకటించిన డీజిలు కారుని నడిపించి చూస్తే దాదాపు 40 శాతం తక్కువ వచ్చింది. కొన్నామెకి మూడు లక్షల పైచిలుకు పరిహారం ఇమ్మన్నారు. మొదటి చోట అడిగిన ప్రశ్న “నిబంధన ప్రకారం చెప్పారా?” రెండో చోట అడిగింది “విన్నామెకి ఏమని అర్థమైంది?” నేను త్రిస్సూర్ పక్షం. మాట చెప్పేది వినేవాడి కోసం కదా, నిబంధన కోసం కాదు.

ఇప్పుడు ఏసీ సంగతికొద్దాం. అసలు కష్టం అక్కడే ఉంది.

2024 ఏప్రిల్‌లో హైదరాబాదులో క్యాబ్ డ్రైవర్ల యూనియన్ “నో ఏసీ” ఉద్యమం మొదలుపెట్టింది. యాప్ కంపెనీలు కిలోమీటరుకి ఇచ్చే డబ్బుతో ఏసీ వేసి నడపడం గిట్టుబాటు కాదని, ఏసీ కావాలంటే ప్రయాణికులు అదనంగా ఇవ్వాలని. ఏప్రిల్ అంటే ఎండ నలభైకి చేరే నెల. ఆ రోజుల్లో క్యాబ్ ఎక్కినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. “అన్నా, ఏసీ వెయ్యవా?” “వేస్తా మేడం, కానీ గిట్టుబాటైతలేదు.” తర్వాత కాసేపు మౌనం. కిటికీ దింపడం, దుమ్ము, రేటింగులో ఓ నక్షత్రం తెగడం. ప్రయాణికుడి దృష్టిలో ఏసీ కార్లో ఉన్న వస్తువు, స్టీరింగులాగా, సీటులాగా. దానికి వేరే డబ్బు అడగడం దబాయింపు. డ్రైవరు దృష్టిలో అది ఇంధనం.

ఎవరిది న్యాయం? ఏసీ ఇంధనాన్ని తీసుకునే తీరు చూడండి. అది కిలోమీటర్ల లెక్కన తాగదు, గంటల లెక్కన తాగుతుంది. ఖాళీ రోడ్డు మీద అరగంటలో ముప్పై కిలోమీటర్లు పోతే, ఏసీ ఖర్చు ఆ ముప్పైకీ పంచబడి కనిపించకుండా పోతుంది. గచ్చిబౌలి నుంచి మాదాపూర్ దాకా అదే అరగంట పడితే, మొత్తం ఆ నాలుగు కిలోమీటర్ల నెత్తినే పడుతుంది. ఎండాకాలం నగరంలో మైలేజీ దీనివల్ల పది నుంచి ఇరవై శాతం దాకా పడిపోవడం మామూలే. ప్రయాణానికి డబ్బు కట్టేది ఎక్కువగా కిలోమీటర్ల మీద. కారు తాగేది గంటల మీద. ఈ రెంటి మధ్య తేడాని డ్రైవరు జేబు పూడుస్తోంది.

నెలకి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగే మనిషిని తీసుకోండి. 22 వస్తుందని నమ్మి అప్పు లెక్క వేసుకున్నాడు. నెలకి 182 లీటర్లు. తీరా 15 వచ్చింది. 267 లీటర్లు. తేడా 85 లీటర్లు. లీటరు వంద అనుకున్నా ఎనిమిదిన్నర వేలు. చిన్న కారు ఈఎంఐలో సగానికి దగ్గర. వారాంతం కార్లో అనంతగిరి వెళ్ళొచ్చేవాడికి ఈ తేడా ఓ చిరాకు. ఇతనికి అది పిల్ల స్కూలు ఫీజు. “అందరికీ తెలిసిందే కదా” అనే మాట నోటికి తేలిగ్గా వచ్చేది ఆ మొదటివాడికే అన్నది గమనించాలి.

పరీక్ష గదిలో ఏసీ ఆపిన చెయ్యి ఎవరినీ మోసం చేద్దామని ఆపలేదు. కొలత ఒకేలా ఉండాలని ఆపింది. కానీ అక్కడ లెక్కలోంచి తీసేసిన ఖర్చు ప్రపంచంలోంచి మాయమైపోదు. ఏప్రిల్ మధ్యాహ్నం, ఇద్దరు అపరిచితులు కూర్చున్న ఒక చిన్న పెట్టెలోకి వచ్చి పడుతుంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు పిసినారి అనీ, పొగరుబోతు అనీ అనుకుంటారు.

యూరప్ అనుభవం వల్ల ఇంకో సంగతి బయటపడింది. అక్కడ 2001లో అధికారిక అంకెకీ రోడ్డు మీది వాడకానికీ తేడా సుమారు 9 శాతం. 2015కి అది 42 శాతానికి చేరిందని ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ లెక్కకట్టింది. ఈ పధ్నాలుగేళ్ళలో రోడ్లు మారలేదు, కొండలు ఎత్తు పెరగలేదు, పరీక్షా అదే. మరేం మారింది? కార్లు పరీక్షని నేర్చుకున్నాయి. కర్బన ఉద్గారాల మీద పన్నులూ హద్దులూ ఆ అంకెకే ముడిపడ్డాయి కాబట్టి, ఇంజనీర్ల తెలివంతా ఆ ఇరవై నిమిషాల చుట్టూ తిరిగింది. ఎక్కువభాగం నిబంధనలు ఒప్పుకునే వెసులుబాట్లే. ఒక కొలతని లక్ష్యంగా పెట్టుకున్నాక అది మంచి కొలతగా మిగలదని చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త పేరు మీద ఒక సూత్రం చెలామణిలో ఉంది. ఇంటర్ ర్యాంకుల ఫ్లెక్సీల కింద పెరిగిన మనకి ఇది మళ్ళీ వివరించాలా?

హద్దు దాటినవాళ్ళూ ఉన్నారు. రోలర్ల గదిలో కారుకి ఎంత గాలి అడ్డం, ఎంత టైర్ల రాపిడి ఉన్నట్టు చూపించాలో నిర్ణయించే అంకెలు విడిగా కొలిచి ఇవ్వాలి. అమెరికాలో హ్యుందాయ్, కియా అక్కడే తక్కువ చూపించాయని 2012లో బయటపడింది. 2014లో 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టాయి. జపాన్‌లో మిత్సుబిషి 2016లో ఆరు లక్షల పాతిక వేల బుల్లి కార్ల విషయంలో ఆ అంకెల్ని తారుమారు చేశామని ఒప్పుకుంది. పట్టుకుంది ప్రభుత్వం కాదు. ఆ కార్లని తన పేరుతో అమ్ముకుంటున్న నిస్సాన్. వీటి గురించి వాదించడానికేమీ లేదు, అవి మోసాలు. వాటి గురించి తీర్పు చెప్పడం తేలిక కాబట్టే మనం వాటి గురించి ఎక్కువ మాట్లాడతాం. నిబంధనల లోపల ఉంటూనే 9 శాతం 42 అయిన కథలో ముద్దాయి ఎవరో చెప్పడం కష్టం.

మన దగ్గర ఈ అంకెకి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. కంపెనీ అమ్మిన కార్లన్నీ సగటున కిలోమీటరుకి ఎంత బొగ్గుపులుసు వాయువు వదలొచ్చో కేంద్రం హద్దు పెట్టింది. 2022–23 నుంచి అది 113 గ్రాముల చుట్టూ ఉంది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల వాయువు వస్తుంది. 24 ఇచ్చే కారైతే కిలోమీటరుకి 96 గ్రాములు, హద్దు లోపలే. నిజంగా 16 ఇస్తుంటే 144, హద్దు బయట. ప్రభుత్వం లెక్కలో ఉండేది 96. మనం తగ్గించుకుని చూసుకున్నట్టు ప్రభుత్వ ఖాతా తగ్గించి చూసుకోదు.

ఇది నాకు సుల్తాన్ బజారు బేరం కన్నా స్థలం రిజిస్ట్రేషన్‌ని ఎక్కువ గుర్తు చేస్తుంది. అమ్మేవాడికీ కొనేవాడికీ అసలు ధర తెలుసు. డాక్యుమెంటు మీద గవర్నమెంటు విలువ రాస్తారు. ఇద్దరిలో ఎవరూ మోసపోలేదు. సంతకాలు పెట్టి, టీ తాగి, నవ్వుకుంటూ బయటికొస్తారు. నష్టపోయినది ఆ గదిలో లేదు కాబట్టి గొడవ లేదు. మైలేజీ విషయంలో కూడా కంపెనీకీ మనకీ ఒప్పందం కుదిరిపోయిందనే అనుకుందాం. గాలికి ఎవరు చెప్పారు? మొదట నేనడిగిన ప్రశ్న, అందరికీ తెలిసినది అబద్ధమేనా అని. ఆ “అందరూ” ఎవరన్నది తేలకుండా దానికి జవాబు లేదనిపిస్తుంది. ద్రోణుడు ఆ రోజు ఎదురుగా ఉన్నాడు. ఇక్కడ ద్రోణుడు కొనుగోలుదారుడు కాకపోవచ్చు.

దారులు లేకపోలేదు. అమెరికా 1985 మోడళ్ళ నుంచే ప్రయోగశాల అంకెలో నగరానికి 10 శాతం, హైవేకి 22 శాతం కోసేసి స్టిక్కరు మీద రాయించింది. 2008 నుంచి ఏసీ, చలి, దూకుడు నడక కూడా లెక్కలోకి తెచ్చింది. “మీ మైలేజీ మారొచ్చు” అన్న అక్కడి హెచ్చరిక వాక్యం చివరికి ఇంగ్లీషు సామెతగా మారి, సినిమాల దగ్గర్నుంచి మందుల దాకా అన్నిటికీ తగిలించే మాటైంది. యూరప్ 2017లో పాత పరీక్ష మానేసి డబ్ల్యూఎల్‌టీపీ అనే అరగంట పరీక్ష పెట్టింది. అంతటితో ఆగకుండా, 2021 నుంచి కొత్త కార్లలో నిజంగా ఎంత తాగిందో రాసుకునే ఏర్పాటు తప్పనిసరి చేసి, ఆ లెక్కలు పోగుచేస్తోంది. 2024లో ప్రకటించిన దాని ప్రకారం పెట్రోలు, డీజిలు కార్లకి తేడా ఇంకా 20 శాతం ఉంది. ప్లగ్‌లో పెట్టే హైబ్రిడ్లకైతే అసలు ఉద్గారాలు కాగితం మీదివాటికి మూడున్నర రెట్లు. పర్యావరణం మీద ప్రేమతో సబ్సిడీ తీసుకుని కొన్నవాళ్ళు చాలామంది చార్జింగు వైరు విప్పనే లేదన్నమాట.

మన కార్లలో కూడా ఆ లెక్క ఎక్కడో లేదు, డాష్‌బోర్డు మీదే ఉంది. ఇంజను కంప్యూటరు ప్రతి చుక్కకీ పద్దు రాస్తూనే ఉంటుంది, కాకపోతే చాలా కార్లలో తెర మీద చూపించేటప్పుడు కాస్త ఉదారంగా చూపిస్తుంది. దాన్ని ఎవరూ పోగుచెయ్యరు. పోగయ్యేది మన వాట్సాప్ గ్రూపుల్లో. విజయవాడ హైవే మీద ఎనభైలో నిలకడగా, ఏసీ ఆపి, తెల్లవారుజామున నడిపిన రోజు తెర మీద 24.3 కనిపిస్తే ఫొటో తీసి పెడతారు. కింద బొటనవేళ్ళ వరస. వాటిని చూసి ఇంకొకరు అదే కారు బుక్ చేస్తారు. సోమవారం సాయంత్రం అమీర్‌పేటలో అదే తెర 9.4 దగ్గర నిలబడినప్పుడు, ఎడమచెయ్యి బటన్ మీదకి వెళ్తుంది. ట్రిప్ రీసెట్.